మికాడో నాటకంలో జపాన్ ఎక్కడికి పోయింది?

కాకినాడ_కాపురం
సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి లండన్ నుంచి ఒక డిస్కు తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడమని చెప్పి వెళ్లింది. గిల్బర్ట్ మాటలకు సలివన్ సంగీతం కట్టిన ‘మికాడో’ (జపాన్ చక్రవర్తి అని అర్థం) అనే హాస్య గేయనాటకం అది. 1885లో మొదటిసారి ఆడిన ఆ నాటకాన్ని జొనాథన్ మిల్లర్ అనే దర్శకుడు 1986లో ఇంగ్లిష్ నేషనల్ ఆపెరా సంస్థ కోసం కొత్త పద్ధతిలో చేయించగా, ఆ మరుసటి ఏడు టెలివిజన్ కోసం చిత్రీకరించారట. కథ జపాన్‌లో టిటిపు అనే ఊరిలో జరుగుతుందని ముందే చదివి పెట్టుకున్నాను కనుక, కిమోనోలు, విసనకర్రలు, పూల చెట్లు కనిపిస్తాయని మా అత్తగారిని కూడా ఊరించి కూర్చోబెట్టాను.

తెర లేచింది. జపాన్ లేదు. గోడలు, మెట్లు, కుర్చీలు అన్నీ మీగడ రంగులో మెరిసిపోతున్న ఒక పెద్ద హోటలు, అందులో 1930ల నాటి ఇంగ్లిష్ దొరలు, సామాన్లు మోసే కుర్రాళ్లు, తెల్ల ఏప్రాన్లు కట్టుకున్న పనమ్మాయిలు కనిపించారు. ఆ దొరలే నిలబడి, కించిత్తు తడబాటు లేకుండా, తాము జపాను పెద్దమనుషులమని పాడుతున్నారు. “వీళ్లంతా పెళ్లికి వచ్చిన క్యాటరింగు వాళ్లా?” అని మా అత్తగారు అడిగారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. మొదటి అంకం పూర్తి కాకుండానే ఆపేశాము.

పేర్లు, పాటలు, మాటలు అన్నీ యథాతథంగా ఉంచి, కంటికి కనిపించేదంతా మార్చేస్తే దానిని అదే నాటకమని ఎలా అంటారు? నాలాగా మొదటిసారి చూసేవాడు, అదీ ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూసేవాడు, దీనితో మొదలుపెట్టడం పొరపాటేనా?

పాతరికార్డు
మొదలుపెట్టడంలో పొరపాటు లేదు, ఆపేయడంలోనే ఉంది. ఈ నాటకంలో జపాన్ మొదటి నుంచీ లేదండీ. 1885 మార్చి 14న లండన్‌లోని సవాయ్ థియేటర్లో ఇది మొదలయ్యేనాటికి ఆ నగరంలో జపాన్ మోజు ముదిరి ఉంది. పింగాణీ పాత్రలు, తెరలు, విసనకర్రలు లేని మధ్యతరగతి ఇల్లు ఉండేది కాదు. ఆ ఏడు జనవరిలోనే నైట్స్‌బ్రిడ్జ్ ప్రాంతంలో ఒక జపాన్ గ్రామ ప్రదర్శన పెట్టారు. గిల్బర్ట్ ఆ మోజును బట్టగా వాడుకుని, లోపల మాత్రం తన దేశపు అధికారులను, వాళ్ల చట్టాల పిచ్చిని, పదవుల వ్యామోహాన్ని కూర్చోబెట్టాడు. సరసమాడినవాడికి మరణశిక్ష అని చట్టం తెస్తారు. ఆ శిక్ష పడిన ఒక చౌకరకం దర్జీని జైలు నుంచి తీసి అతనినే ప్రధాన తలారిగా నియమిస్తారు. వరుసలో ముందున్నది అతని తలే కనుక, తన తల తాను నరుక్కునేదాకా ఇంకొకరి తల నరకలేడని ఊరివాళ్ల లెక్క. ఈ తర్కం జపాన్‌ది కాదు, లండన్ కోర్టులలో నల్లకోటు వేసుకుని తిరిగేవాళ్లది. గిల్బర్ట్ కూడా కొంతకాలం న్యాయవాదిగా పనిచేసినవాడే.

మిల్లర్ చేసిందల్లా ఆ పైబట్ట తీసేసి లోపలి మనుషులను చూపించడం. అందుకే దొరలు తాము జపాను పెద్దమనుషులమని పాడినప్పుడు లండన్ ప్రేక్షకులు మొదటి నిమిషంలోనే నవ్వుతారు. మీరు ఆ నిమిషంలోనే కంగారుపడ్డారు. తేడా అంతే.

అదనపుబాధ్యత
నేను ఈ నాటకం చూసింది పూ-బా కోసమే. కొత్త తలారి కింద పనిచేయడం తమ హోదాకు తగదని మిగతా అధికారులందరూ రాజీనామా చేస్తే, ఆ ఉద్యోగాలన్నీ తానొక్కడే తీసుకుని, జీతాలన్నీ తానే పుచ్చుకునే మహానుభావుడు అతను. నేను ఒక మండల కార్యాలయంలో ఒక సీటులో కూర్చుని మూడు సీట్లకు పూర్తి అదనపు బాధ్యతలు మోసినవాడిని కనుక అతని కష్టం నాకు తెలుసు. జీతం మాత్రం ఒక్క సీటుదే వచ్చింది.

హార్మోనియంపెట్టె
పాతరికార్డు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు కానీ, ఆయన తేల్చిన తీరుతో ఉంది. లోపల ఉన్నది ఇంగ్లండే అని అందరికీ తెలిసినప్పుడు, పైన జపాన్ బట్ట ఉండడమే కదా హాస్యం? బట్ట తీసేసి, లోపల ఇంగ్లండు ఉందని చూపిస్తే, విప్పిన పొడుపుకథను మళ్లీ విప్పినట్లు అవుతుంది.

మన పక్క నుంచి చెబుతాను. యమధర్మరాజు కిరీటం పెట్టుకుని, గద పట్టుకుని, గుమాస్తాలాగా ఫైళ్ల గురించి చిరాకుపడితే జనం పగలబడి నవ్వుతారు. అదే పాత్రకు ప్యాంటు, చొక్కా వేసి, బల్ల ముందు కూర్చోబెట్టి, అవే మాటలు అనిపించండి. అప్పుడు అతను మామూలు గుమాస్తా అవుతాడు, మాటలు మామూలు చిరాకు అవుతాయి. వేషానికీ మాటకూ పొంతన లేకపోవడంలో ఉన్న పులుపు పోతుంది. మిల్లర్ ప్రదర్శనను నేను రెండుసార్లు చూశాను. చూడముచ్చటగా ఉంది, నాట్యాలు గొప్పగా ఉన్నాయి, కానీ వెక్కిరింపు తగ్గింది. పాతకాలపు హోటలు అందం చూసి మురిసిపోవడం ఎక్కువైంది.

పాతరికార్డు
హార్మోనియంపెట్టె గారి యముడి పోలిక బాగుంది, కానీ అది సగం వరకే పనిచేస్తుంది. మన ప్రేక్షకుడికి యముడు చిన్నప్పటి నుంచీ తెలుసు, కనుక ఆ కిరీటానికి బరువు ఉంది. 1986 నాటి లండన్ ప్రేక్షకుడికి కాగితం విసనకర్ర జపాన్‌ను గుర్తుకు తేదు, మికాడో నాటకాన్నే గుర్తుకు తెస్తుంది. వందేళ్లు అదే విసనకర్రను అదే చేతితో అదే మాట దగ్గర తెరిచి మూస్తూ వచ్చారు.

ఇది నేను కల్పించి అంటున్నది కాదు. గిల్బర్ట్, సలివన్ నాటకాలను మొదటి నుంచీ ఆడుతూ వచ్చిన డాయ్‌లీ కార్ట్ కంపెనీకి వాటి మీద పూర్తి హక్కులు ఉండేవి. గిల్బర్ట్ చేయించిన నిలుపులు, కదలికలు, చేతి విసుర్లు ఆ కంపెనీ తరతరాలుగా పెద్దగా మార్చకుండా కాపాడుకుంది. గిల్బర్ట్ 1911లో పోయాడు, 1961 చివరికి యాభై ఏళ్ల కాపీరైటు తీరింది. ఆ మర్నాటి నుంచే ఇతరులకు తలుపులు తెరుచుకున్నాయి. 1962లోనే శాడ్లర్స్ వెల్స్ వారు సొంతంగా మికాడో ఆడారు. తర్వాత ఇంగ్లిష్ నేషనల్ ఆపెరాగా పేరు మార్చుకున్నది ఆ సంస్థే. డాయ్‌లీ కార్ట్ కంపెనీ 1982లో మూతపడింది. అంటే మిల్లర్ మార్చింది గిల్బర్ట్ కాగితం మీద రాసినదాన్ని కాదు, దాని చుట్టూ గడ్డకట్టిన అలవాటును.

ట్రాంబోన్_రెండు
మొదటి పాట అయ్యేలోపే కాకినాడ_కాపురం గారి అత్తగారు క్యాటరింగు వాళ్లను గుర్తుపట్టారంటే ఆవిడ దర్శకుడి కంటే ఒక అడుగు ముందే ఉన్నారు. అది హోటలే, వాళ్లు హోటలు సిబ్బందే.

లండన్_మెట్లు
నేను ఇదే ప్రదర్శనను ఇంగ్లిష్ నేషనల్ ఆపెరా వారి సొంత వేదిక అయిన కలోసియం థియేటర్లో, ఆకాశానికి దగ్గరగా ఉండే చౌక టికెట్టు మీద చూశాను, తర్వాత టెలివిజన్ రూపాన్ని ఇంట్లో చూశాను. ఈ రెండింటికీ ఉన్న తేడా ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను.

థియేటర్లో రంగస్థలం మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. స్టెఫానోస్ లజరిడిస్ కట్టిన ఆ తెల్లని హోటలు, సూ బ్లేన్ రూపొందించిన నలుపు తెలుపు దుస్తులు, వాటి మధ్య బూట్లు టకటకలాడిస్తూ తిరిగే పనమ్మాయిలు, కుర్రాళ్లు అంతా కలిసి ఒక పాత నలుపు తెలుపు సినిమా ప్రాణం పోసుకున్నట్లు ఉంటుంది. మార్క్స్ సోదరుల హాస్యచిత్రాల స్ఫూర్తి తనకుందని మిల్లర్ దాచుకోలేదు. టెలివిజన్‌లో కెమెరా ఒక ముఖం దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఆ వెనుక జరిగే సగం అల్లరి కోత పడుతుంది. అందుకే కాకినాడ_కాపురం గారికి అది అయోమయంగా అనిపించి ఉంటుంది.

దానికి బదులుగా ఇంట్లో దొరికేది కో-కో, అంటే తలారి అయిన ఆ దర్జీ, ముఖం. ఆ పాత్ర వేసినది మాంటీ పైథాన్ అనే ఇంగ్లిష్ హాస్య బృందంలోని ఎరిక్ ఐడిల్. ఆయన ఆపెరా గాయకుడు కాడు, అలా నటించే ప్రయత్నమూ చేయడు. చుట్టూ లెస్లీ గారెట్, ఫెలిసిటీ పామర్, రిచర్డ్ వాన్ ఆలన్, బొనవెంచురా బొటోనె వంటి గట్టి గొంతులు ఉంటే, మధ్యలో ఈయన కనుబొమ్మ ఎగరేస్తూ గండం గడుపుకుంటాడు. దర్జీ పాత్ర కూడా సరిగ్గా అదే కదా! తెలియని పెద్దల మధ్య ఇరుక్కున్న చిన్నవాడు. నేను కూర్చున్న చివరి వరుసకు ఏ కో-కో కనుబొమ్మా అందదు, సోఫాకు అందుతుంది.

గోదారిగట్టు
ఎరిక్ ఐడిల్ పాడిన జాబితా పాట ఒక్కటీ సబ్‌టైటిళ్లతో చూశాను. పోయినా ఎవరూ బాధపడని మనుషుల పేర్లు తలారి చదువుతాడు. నాకు సగం పేర్లు అర్థం కాలేదు. 1980ల నాటి ఇంగ్లండు రాజకీయాలు తెలిస్తే తప్ప నవ్వు రాదు. ఆధునికం చేయడమంటే ఇదేనా? వందేళ్ల పాతదాన్ని తీసేసి నలభై ఏళ్ల పాతదాన్ని పెట్టారు.

ట్రాంబోన్_రెండు
ఫ్రిజ్‌లో నుంచి తీసి వేడిచేసిన కూరకు కూడా గడువు ఉంటుంది కదండీ.

పాతరికార్డు
ఆ పాట విషయంలో మిల్లర్‌ను గానీ ఐడిల్‌ను గానీ తప్పుపట్టలేము. అది మార్చుకోవడానికే ఉన్న పాట. గిల్బర్ట్ తానే చివరి చరణంలో ఫలానావాడు, ఏదో పేరువాడు అని ఖాళీలు వదిలి, ఆనాటి రాజకీయ నాయకుల హావభావాలను నటుడు అనుకరించేందుకు వీలు కల్పించాడు. అలాగే, మూలంలో నల్లజాతివారిని కించపరిచే ఒక మాట ఉండేది. అమెరికాలో అభ్యంతరాలు వచ్చాక 1948లో డాయ్‌లీ కార్ట్ కంపెనీయే దానిని తీయించింది. చిన్న చేతి విసురును కూడా మార్చనివ్వని కంపెనీ కూడా ఈ పాట దగ్గర దిగిరావలసి వచ్చింది.

హార్మోనియంపెట్టె
అదే నేను అంటున్నది కూడా. ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ కొత్తది పెట్టడం వేరు, నిండుగా ఉన్నచోట తవ్వడం వేరు. మన పద్యనాటకంలోనూ హాస్య పాత్రకు ఊరినిబట్టి నాలుగు మాటలు కలుపుకునే స్వేచ్ఛ ఉంటుంది, రాయబారం పద్యాలకు ఉండదు. ఇక్కడ దొరలు జపాను మాటలు అంటుంటే నాకు చెవికీ కంటికీ పొత్తు కుదరడం లేదు. మికాడో ప్రవేశానికి సలివన్ వాడుకున్నది మెయిజీ కాలపు అసలైన జపాన్ యుద్ధగీతం. ఆ బాణీ మోగుతుంటే ఒక భారీకాయుడైన ఇంగ్లిష్ దొర హోటల్లోకి నడిచి వస్తాడు. మొదటి అంకం చివరలో, మారువేషంలో తిరుగుతున్న మికాడో కొడుకును వెతుక్కుంటూ వచ్చిన ముసలావిడ కాటిషా అతని గురించి నిజం చెప్పబోతే జనమంతా జపాను మాటలు అరిచి ఆమె గొంతు వినపడకుండా చేస్తారు. ఇంగ్లిష్ హోటల్లో ఆ అరుపులకు అర్థమేమిటి?

లండన్_మెట్లు
అర్థం లేకపోవడమే అక్కడి అర్థం. అబద్ధం బయటపడబోతున్నప్పుడు పెద్దమనుషులు గొంతు పెంచి ఏదో ఒకటి అరవడం ఏ దేశపు హోటల్లోనైనా చూడవచ్చు.

నీళ్లకావిడి
లండన్_మెట్లు గారూ, ఆ మాట మీద మీకు ఒక కాఫీ బాకీ.

తెనాలి_తెర
ఇంతసేపూ అందం గురించే మాట్లాడుతున్నారు. జపాన్‌ను తీసేయడానికి ఇంకొక పెద్ద కారణం ఉంది. తెల్లవాళ్లు ముఖానికి రంగు పూసుకుని, కళ్ల చివర గీతలు గీసుకుని, మరొక జాతివారిలా వెకిలిగా నడవడం ఈ రోజు చాలామందికి మింగుడుపడదు. 2015లో న్యూయార్క్‌లో గిల్బర్ట్, సలివన్ నాటకాలు ఆడే ఒక సంస్థ ఈ కారణంగానే విమర్శలు ఎదుర్కొని, ప్రకటించిన మికాడోను రద్దు చేసుకుని, మరుసటి ఏడాది చివర కొత్త రూపంతో వచ్చింది. మిల్లర్ హోటల్లో ఆ రంగు పూత అవసరమే రాదు. ఆ సమస్యను ఆయన ముప్పై ఏళ్ల ముందే పక్కన పెట్టేశాడు.

మనకు ఇది పరాయి సంగతేమీ కాదు. కాళ్లకూరి నారాయణరావు గారి చింతామణి నాటక ప్రదర్శనను 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందన్నది ఒక వర్గం వారి ఫిర్యాదు. అప్పుడు కూడా రెండు మాటలు వినిపించాయి. నాటకం వేశ్యావ్యసనం మీద రాసిన సంస్కరణ నాటకం కదా అని ఒక మాట; ఊరూరా ఆడే బృందాలు ఈలల కోసం కలుపుతూ వచ్చిన బూతుల వల్లే ఆ పాత్ర అంత దిగజారిందని ఇంకొక మాట. నేను చిన్నప్పుడు జాతరలో చూసిన సుబ్బిశెట్టికీ, తర్వాత పుస్తకంలో చదివిన సుబ్బిశెట్టికీ చాలా దూరం ఉంది. జాతరలో చూసినదానిని నేను వెనకేసుకు రాను. కానీ మొత్తం నాటకాన్ని ఆపేయడం కంటే, ఎవరైనా ఒక మిల్లర్ వచ్చి ఆ పాత్ర పేరు, ఊరు, కట్టుబొట్టు మార్చి, డబ్బున్న మూర్ఖుడిని మూర్ఖుడిగానే నిలబెట్టి ఉంటే బాగుండేదని ఈ మికాడో చూసినప్పుడు అనిపించింది.

హార్మోనియంపెట్టె
ఇక్కడ తెనాలి_తెర గారితో సగం ఏకీభవిస్తున్నాను. ఇంకో సంగతి గమనించండి. గిల్బర్ట్ తన నటులను సొంత మాటలు కలపనిచ్చేవాడు కాదు. ఆ కట్టడి చింతామణికి ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది. కట్టడిని ఇందాక పాతరికార్డు గారు గడ్డకట్టిన అలవాటు అన్నారు. దాని మంచి ముఖం ఇది.

పాతరికార్డు
ఒప్పుకుంటున్నాను. గడ్డకట్టినది చెడిపోకుండా కూడా ఉంటుంది.

నీళ్లకావిడి
మరి జపానువాళ్లు ఏమనుకున్నారో ఎవరైనా చెబుతారా? వాళ్ల తరఫున మనమే బాధపడుతున్నామా?

తెనాలి_తెర
1907లో జపాన్ రాకుమారుడు ఫుషిమి లండన్ వస్తున్నాడని, ఆయన నొచ్చుకుంటాడేమోనన్న భయంతో ప్రభుత్వం వారే కొన్ని వారాల పాటు మికాడోను ఆడకూడదని నిషేధించారు. జపాన్ అప్పటికి బ్రిటన్‌కు మిత్రదేశం. ఆ రోజుల్లోనే షెఫీల్డ్‌లో ప్రదర్శన చూసిన ఒక జపాన్ విలేఖరి, అవమానం వెతుక్కుంటూ వెళ్లి, తనకు కనిపించినది మంచి సంగీతం, సరదా మాత్రమేనని రాశాడు. ఇటీవలికి వస్తే, టిటిపు తమ ఊరి పేరే కావచ్చునని భావించే చిచిబు పట్టణం వారు 2001లో ఈ నాటకాన్ని జపాను భాషలోనే ఆడుకున్నారు. అయితే సొంత ఊరిలో సొంతవాళ్లు నవ్వుకోవడం వేరు. అమెరికాలో తూర్పు ఆసియా మూలాలున్న కుటుంబపు పిల్లవాడు బడిలో ఎగతాళి పడి వచ్చి, సాయంత్రం థియేటర్లో అదే ఎగతాళిని డబ్బిచ్చి చూడడం వేరు. షెఫీల్డ్ విలేఖరి సాక్ష్యాన్ని ఆ పిల్లవాడి మీద రుద్దకూడదు.

డాలస్_డాబా
తెనాలి_తెర గారి చివరి మాట నిజం. మా పిల్లల బడిలో ఒక వేడుకలో నలుగురు పిల్లలు తలపాగాలు చుట్టుకుని, తల ఊపుతూ, మన యాసను వెక్కిరిస్తూ ఒక చిన్న నాటిక వేశారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా మా అబ్బాయి ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత నేను 1939 నాటి మికాడో సినిమా చూస్తున్నప్పుడు ఆ సాయంత్రమే గుర్తుకొచ్చి, మంచి పాటల మధ్యలో కూడా మనసు కుదురుగా ఉండలేదు. మిల్లర్ హోటల్లో ఆ ఇబ్బంది లేకుండా నవ్వగలిగాను.

గోదారిగట్టు
అయితే ఆధునికం చేసినదంతా మంచిదేనని తేల్చేయకండి. 2001లో సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో హాన్స్ నాయెన్‌ఫెల్స్ అనే దర్శకుడు చేయించిన ‘ఫ్లెడర్‌మౌస్’ అనే హాస్య గేయనాటకం వీడియోను నేను ఇంట్లో చూశాను. యోహాన్ స్ట్రాస్ 1874లో షాంపేన్ నురగలాగా పొంగే సంగీతం ఇస్తే, వేదిక మీద కొకైన్ పెట్టారు. పాట షాంపేన్‌ను పొగుడుతుంది, కంటికి ఇంకేదో కనిపిస్తుంది. అక్కడి ప్రేక్షకులు గగ్గోలు పెట్టారంటే పెట్టరా మరి! నేనైతే రిమోటు నొక్కాను. సోఫాలో కూర్చున్నవాడికి అంతకంటే నిరసన మార్గం లేదు.

లండన్_మెట్లు
ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే నాకు కనిపించే తేడా సంగీతం దగ్గరే. మిల్లర్ తన హోటలును సలివన్ లయ మీద కట్టాడు. ఆ బృందగానాల నడక 1930ల నాటి బూట్ల నాట్యానికి చక్కగా ఒదిగిపోయింది. బడి నుంచి వచ్చిన ముగ్గురమ్మాయిల పాటను ఇంగ్లిష్ హాస్టలు పిల్లలు పాడితే ఆ కిలకిలలు ఇంకా సహజంగా ఉన్నాయి. పెళ్లినాటి ఉదయం పాడే నలుగురి పాట నిజానికి పాత ఇంగ్లిష్ మాడ్రిగల్ (కొన్ని గొంతులు ఒకదానితో ఒకటి అల్లుకుంటూ పాడే పాట) పద్ధతిలో కట్టినది. కిమోనోల మధ్య అదే పరాయిది. ఇందాక హార్మోనియంపెట్టె గారు చెవికీ కంటికీ పొత్తు కుదరలేదన్నారు. జపాన్ బాణీ ఉన్న ఒక్కచోట కుదరకపోవచ్చు, మిగతా పది చోట్ల ఇప్పుడే కుదిరింది.

హార్మోనియంపెట్టె
మాడ్రిగల్ సంగతి నేను ఆలోచించలేదు. ఈ రాత్రి ఆ ఒక్క పాట మళ్లీ వింటాను.

ట్రాంబోన్_రెండు
మికాడో తన శిక్షల పాటలో బాహ్ సంగీతం వినే శిక్ష గురించి చెప్పగానే వాద్యబృందంలో బాహ్ ఫ్యూగ్ ముక్క ఒకటి నిజంగానే దొర్లుతుంది. మంచి ఇయర్‌ఫోన్లు ఉంటే దొరుకుతుంది, టీవీ స్పీకరులో దొరకదు. ఇంతకుమించి ఈ చర్చకు నా దగ్గర సాంకేతిక సహాయం లేదు.

నీళ్లకావిడి
ఉంది. అది పాత టెలివిజన్ చిత్రీకరణ కనుక బొమ్మ చతురస్రానికి దగ్గరగా ఉంటుంది. ఇప్పటి వెడల్పాటి టీవీలు దానిని అడ్డంగా సాగదీస్తాయి. సెట్టింగుల్లో నాలుగుకు మూడు నిష్పత్తి పెట్టుకోకపోతే మనుషులందరూ లావెక్కుతారు. మికాడో వేసిన రిచర్డ్ ఆంగస్ అసలే భారీ మనిషి, మా టీవీలో ఆయన రెండు సోఫాలు ఆక్రమించాడు.

కాకినాడ_కాపురం
నీళ్లకావిడి గారి సలహాతో మొదట అదే సరిచేశాను. మా పనమ్మాయిలు కూడా సన్నబడ్డారు.

ఇన్ని సమాధానాలు చదివాక నిన్న రాత్రి మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి గడగడ పాడే పాటల మాటలను ముందే ఒకసారి చదువుకుని కూర్చున్నాను. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు వచ్చి పోయే వేగానికి కన్ను పరిగెడుతుంటే నటుడి ముఖం తప్పిపోతోంది. మాటలు ముందే తెలిస్తే ఆ ఇబ్బంది లేదు. నచ్చిన పాట దగ్గర వెనక్కి తిప్పి మళ్లీ విన్నాము. మా అత్తగారు దానికి రిమోటు అనలేదు, వన్స్‌మోర్ అన్నారు. సురభి వారి నాటకాలు చూసిన తరం కదా, ఇంట్లో కూడా ఆ హక్కు వదులుకోలేదు.

పెళ్లి ఖర్చు గురించి కో-కో సలహా అడిగితే, పూ-బా ఆంతరంగిక కార్యదర్శిగా ఘనంగా చేయమని, ఖజానా మంత్రిగా పొదుపు చేయమని ఒకే నోటితో చెప్పే చోట మా ఇంట్లో అందరూ ఒకేసారి నవ్వారు. దానికి జపాన్ అవసరమూ రాలేదు, హోటలు అవసరమూ రాలేదు.

ఇక అసలు దెబ్బ చివరలో తగిలింది. చంపకుండానే చంపినట్లు ధ్రువపత్రం రాసిన తలారి, బతికి వచ్చిన రాకుమారుడిని చూపిస్తూ మికాడోకు సంజాయిషీ చెబుతాడు. ప్రభువులవారు ఒక పని చేయమని ఆజ్ఞాపించాక అది జరిగినట్లే లెక్క, జరిగినట్లే లెక్క అయినప్పుడు జరిగిపోయిందనే చెప్పవచ్చు కదా అంటాడు. మికాడో సంతృప్తి చెందుతాడు. నేను ఒకప్పుడు ఒక కార్యాలయం చుట్టూ మా వీధి కాలువ గురించి తిరిగినప్పుడు, కాలువ పని పూర్తయినట్లు కాగితం చూపించారు. కాలువ ఇప్పటికీ లేదు.

అదనపుబాధ్యత
ఆ కాగితం మీద సంతకం నాది కాదని ఇందుమూలముగా తెలియజేస్తున్నాను.

హార్మోనియంపెట్టె
కాకినాడ_కాపురం గారు ఇప్పుడు డాలస్_డాబా గారు చెప్పిన 1939 సినిమా కూడా చూడాలని నా విన్నపం. అందులో కో-కోగా డాయ్‌లీ కార్ట్ కంపెనీకి చెందిన మార్టిన్ గ్రీన్ నటించాడు. జాబితా పాట అందులో లేదు, కథను కూడా ముందువెనుకలు చేశారు, అయినా పాత పద్ధతి నడక, విసనకర్ర తెరిచే తీరు తెలుస్తాయి. డాలస్_డాబా గారి బాధను పక్కన పెట్టమనడం లేదు. ఆ బాధ ఎక్కడి నుంచి వస్తుందో కూడా అందులోనే కనిపిస్తుంది. రెండూ చూసినవాడికే నా యముడి పోలికలో పస ఉందో లేదో తేల్చే అర్హత ఉంటుంది.

కాకినాడ_కాపురం
వారం ఆలస్యంగా రాస్తున్నాను. ఆదివారం ఆ సినిమా చూశాము. రంగులు కన్నుల పండుగగా ఉన్నాయి, కిమోనోలు, వంతెనలు, పూల కొమ్మలు, నేను మొదట ఊరించినవన్నీ ఉన్నాయి. అరగంట అయ్యేసరికి నాకు ఒక విచిత్రం అనిపించింది. హోటల్లో ఇంగ్లిషువాళ్లను చూస్తున్నంతసేపూ నేను జపాన్ కోసం వెతికాను. ఇక్కడ కిమోనోలు చూస్తున్నంతసేపూ వాళ్ల వెనుక ఆ ఇంగ్లిష్ హోటలే కనిపిస్తోంది. హార్మోనియంపెట్టె గారి యముడికి ఇక్కడ మార్కులు వేయాలి, వేషానికీ మాటకూ మధ్య ఉన్న ఆ సందు ఇందులోనే బాగా తెలిసింది. కానీ డాలస్_డాబా గారు రాసింది చదివాక ఆ గీసిన కళ్లను నేను నిశ్చింతగా చూడలేకపోయాను.

మా అత్తగారికి ఈ గొడవలేవీ పట్టలేదు. కాటిషా కనిపించినంతసేపూ ముందుకు వంగి చూశారు. రెండింటిలోనూ అందరూ భయపడే ఆ ముసలావిడను, తలారి ఒక చిన్న పిట్ట కథ పాడి పెళ్లికి ఒప్పించుకుంటాడు. సినిమా అయ్యాక ఆవిడ అన్న మాట ఇది: “ఆ హోటలు కాటిషా పాడుతుంటే నిజంగానే ఏడుపొచ్చింది, ఈవిడ ఉత్త గయ్యాళి.” ఫెలిసిటీ పామర్ పేరు ఆవిడకు పలకడం రాదు కనుక, ఇప్పుడు మా ఇంట్లో ఆ డిస్కును హోటలావిడ డిస్కు అంటున్నారు.

లండన్_మెట్లు
కలోసియంలో ఆ పాట దగ్గర పిన్ను పడినా వినిపించేంత నిశ్శబ్దం ఉండింది. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

ట్రాంబోన్_రెండు
హోటలావిడకు వన్స్‌మోర్.